బుధవారం దాకా భార్య

ఏప్రిల్ 7, సోమవారం

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాకు ఏ లాటరీ తగల్లేదు. ఇప్పుడా తగలడం! జున్ను సంతలో ఎవరో అంటగట్టిన టికెట్‌కి మొదటి బహుమతి వచ్చింది. లిస్బన్‌లో దోనా ఇదలీనా గారి బసలో నాలుగు వారాంతాలు, భోజనం తప్ప అన్నీ ఉచితం, దంపతులకు మాత్రమే. నిన్న పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి మా పేర్లు గట్టిగా చదివారు. ఎర్మెలిందా, తెల్మో. సెర్పా ఊరంతా చప్పట్లు. జూన్ పద్దెనిమిది, బుధవారం నాడు మేమిద్దరం రిజిస్ట్రారు ఆఫీసులో విడాకుల సంతకాలు పెట్టబోతున్నామని ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. పిల్లలుంటే వాళ్ళకి చెప్పడం ఒక పని అయ్యేది. ఆ పనీ లేదు.

"ఇంకెవరికైనా ఇచ్చేద్దామా?" అని తెల్మోని అడిగాను. భుజాలు ఎగరేశాడు. అతని జవాబులన్నీ భుజాలతోనే.

దండగ చేయడం ఎందుకు, వెళ్దాం. ఒకే బస్సెక్కినంత మాత్రాన మనసులు మారిపోవు. మందుల షాపు పైన నేను చూసుకున్న రెండు గదులు జూలై మొదటికల్లా ఖాళీ అవుతాయి. కర్టెన్లకి గుడ్డ కూడా ఎంచి పెట్టాను. దారాలూ బొత్తాలూ అమ్మే దుకాణం నాది, గుడ్డకి కొదవేమిటి.

ఏప్రిల్ 11, శుక్రవారం. లిస్బన్

సాయంత్రం ఎండలో బస్సు వంతెన మీదికి రాగానే ఊరు కనిపించింది. మెట్లుమెట్లుగా తెల్లటి ఇళ్ళు, కింద తేజో నది. లోపల ఏదో వదులైంది. ఎన్నిసార్లు వచ్చానో ఈ ఊరికి, ఆసుపత్రి పని మీదో, సరుకు కొనడానికో. చూడటానికి ఎప్పుడూ రాలేదు.

దోనా ఇదలీనా మా ఊరి మనిషే. గ్రాసా కొండ మీద పాత ఇంట్లో బస నడుపుతోంది. మా అమ్మతో కలిసి బడికెళ్ళిందట. గుమ్మంలోనే నా బుగ్గలు పట్టుకుంది.

"ఏమే లిందా, ఇలా చిక్కిపోయావేం? ఏరా తెల్మో, దీనికి తిండి పెట్టడం లేదా?"

"తనే వండుతుంది," అన్నాడు తెల్మో.

"అదే మరి! వండేదాన్ని అడిగేవాడు ఉండాలి, తిన్నావా అని."

గదిలో రెండు మంచాలున్నాయి. మేం నోరు తెరిచేలోపే ఆవిడ తుంటితో ఒక్క తోపు తోసి రెండింటినీ కలిపేసింది. ఆవిడ కిందికి వెళ్ళాక తెల్మో చప్పుడు కాకుండా మళ్ళీ విడదీశాడు. నేను సాయం పట్టాను.

ఏప్రిల్ 12, శనివారం

పొద్దున ఒప్పందం చేసుకున్నాం. పగలంతా ఎవరి దారి వారిది, దోనా ఇదలీనా ముందు మాత్రం జంట.

మిరదోరు మీద కూర్చున్నాను, కొండ అంచున ఊరిని చూడటానికి కట్టిన అరుగు అది. చిక్కటి చిన్న కాఫీ ఒకటి, దాంతో గుడ్డు క్రీము నింపిన చిన్న నాటా కేకు. కింద ఎర్రటి పెంకుల కప్పులు, వాటి మీద ఆరేసిన దుప్పట్లు, ఆ దుప్పట్ల సందుల్లోంచి నది. ఎంత బాగుందో! ఎవరితోనో అనాలనిపించి పక్కకి తిరిగితే పావురం ఉంది. దానితోనే అన్నాను.

మధ్యాహ్నం అల్ఫామా సందుల్లో తిరుగుతుంటే ఒక మెట్ల దారిలో తెల్మో ఎదురయ్యాడు. చెమటలు కారుతున్నాయి. సెర్పాలో అన్నేళ్ళుగా ఉత్తరాలు పంచుతున్న మనిషి, ఏ గుమ్మంలో ఏ కుక్క ఉందో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి, దారి తప్పాడు!

"ఈ నంబర్లు చూశావా?" అన్నాడు. "పన్నెండు పక్కన నలభై. నలభై పక్కన నంబరే లేదు. ఎవడు పంచుతాడో గానీ వాడికి మోకరిల్లాలి."

"ఎవరినైనా అడగలేకపోయావా?"

"పోస్ట్‌మాన్‌ని పట్టుకుని దారి అడగమంటావా?"

నవ్వొచ్చింది. కలిసే దిగాం. ఆ రాళ్ళు నున్నగా అరిగిపోయి జారతాయి, అందుకని చెయ్యి పట్టుకున్నాను. కింద చదునుగా ఉన్న చోట కూడా పట్టుకునే ఉన్నాను. రాళ్ళు అక్కడా నున్నగానే ఉన్నాయి.

ఏప్రిల్ 14, సోమవారం. సెర్పా

ఊరు. దుకాణం. తెల్మో భోజనం చేసి పాటల బృందానికి వెళ్ళిపోయాడు. ఒక్క మాట లేదు.

మే 2, శుక్రవారం

వచ్చే వారం రెండో వారాంతం. మడమ లేని చెప్పులు కొన్నాను. లిస్బన్ మెట్లకి అవే నయం.

తెల్మో కూడా కొన్నాడు. నాకు చెప్పలేదు. అటక మీద పెట్టె చూశాను.

మే 11, ఆదివారం. లిస్బన్

నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది. తర్వాత ఒళ్ళు మండింది. ఇప్పుడు రెండూ కలిసి ఉన్నాయి.

మొరారియాలో ఒక చిన్న తాగుడు అంగడి ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు పేటలోని వాళ్ళే అక్కడ ఫాదో పాడుకుంటారు, లిస్బన్ వాళ్ళ విరహ గీతాలు. దోనా ఇదలీనా పంపించింది. తలుపు వేసేశారు, దీపాలు తగ్గించారు. ఇక ఎవ్వరూ కిక్కురుమనకూడదు. చేపలమ్మి మానేసిన ఫిర్మినా అనే ముసలావిడ నల్ల శాలువా కప్పుకుని లేచింది. పోయిన మొగుడి మీద పాట. కళ్ళు మూసుకుని పాడుతుంటే వీపంతా జలదరించింది నాకు. మొదటి చరణం చివర గొంతు పైకి లాగి, అక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది.

ఆ ఆగిన చోట మా తెల్మో అందుకున్నాడు.

నిజంగా! గిన్నె పక్కకి జరిపి, తల పైకెత్తి, బృందంలో పాడేంత గట్టిగా. మా ఊరి పాట తీరు అంతే మరి. ఒకడు పాట ఎత్తుకుంటే పాదం ముగియగానే ఇంకొకడు పై గొంతుతో అందుకోవాలి, ఆ తర్వాతే అందరూ కలవాలి. ఎత్తుకున్నవాడిని ఒంటరిగా వదిలేయడం పరువు తక్కువ. ఆ పై గొంతు తెల్మోది. కుర్రతనం నుంచీ అదే అలవాటు. పాపం, గొంతు తనంతట తనే లేచిపోయింది. ఫాదోలో అలా చేయడమంటే చావింట్లో ఈల వేయడమే.

గిటార్లు ఆగిపోయాయి. ఎవరో 'ష్ష్' అన్నారు. ఫిర్మినా నడుం మీద చెయ్యి వేసుకుని చీకట్లోకి చూసింది.

"ఎవడ్రా అది? ఏ ఊరు నాయనా నీది?"

"సెర్పా అమ్మా," అన్నాడు తెల్మో.

"అనుకున్నా! మీ దక్షిణాది అలెంతేజు వాళ్ళు అన్నిటికీ ఆలస్యంగా వస్తారంటారు. నువ్వొక్కడివే ముందొచ్చావురా!"

అంగడంతా గొల్లుమంది.

"గొంతు బంగారంలా ఉంది," అందావిడ. "కానీ మొగుడు నాకు పోయాడు, నీకు కాదు. నా ఏడుపు నన్ను ఏడవనీ. తర్వాత నువ్వు ఏడుద్దువు గాని."

ఆవిడ మళ్ళీ మొదటి నుంచి పాడింది. తెల్మో చెవులు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. ఆ పాట అయ్యేదాకా బల్ల కింద నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ గొంతు లేస్తుందేమోనని భయంతో.

వీధిలోకి వచ్చాక గోడకి ఆనుకుని నవ్వాను. కళ్ళు తుడుచుకుంటుంటే కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"ముక్కూ మొహం తెలియని మనిషి ఒంటరిగా పాడుతుంటే ఆగలేకపోయావు. ఇన్నేళ్ళుగా నేను ఇంట్లో ఒంటరిగా మాట్లాడుతున్నాను. ఒక్కసారైనా అందుకున్నావా?"

భుజాలు ఎగరేస్తాడనుకున్నాను. లేదు.

"ఆవిడ ఆగింది, లిందా," అన్నాడు. "నువ్వు ఆగవు."

బస్సులో నేను ఒక కిటికీ, అతను ఒక కిటికీ.

మే 13, మంగళవారం

నేను ఆగనట!

మే 14, బుధవారం

ఎంత మాట! అడిగిన దానికి ఏళ్ళ తరబడి జవాబు రాకపోతే మనిషి ఏం చేస్తుంది? రెండు పాత్రలూ తనే వేసుకుంటుంది. జున్ను కావాలా అని అడిగి, వద్దులే నిన్నే తిన్నావు అని నేనే అంటాను. అలా అనకపోతే ఆ జున్ను అక్కడే బూజు పడుతుంది.

మే 17, శనివారం

ఈ రోజు దుకాణానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళని గమనించాను. వాళ్ళు రంగు చెప్పేలోపే నేను దారం ఉండ తీసి బల్ల మీద పెట్టేశాను. ఒకావిడ నీలం అడగబోయి ఆకుపచ్చ తీసుకెళ్ళింది.

దీనికీ దానికీ సంబంధం లేదు.

మే 31, శనివారం. లిస్బన్

జకరండాలు పూశాయి! రోడ్లన్నీ ఊదారంగు. కార్ల మీద పూలు, కాఫీ కప్పుల పళ్ళేల్లో పూలు, ముసలాయన టోపీ మీద పూలు. కాళ్ళ కింద జిగురుగా అంటుకుంటున్నాయని ఇక్కడివాళ్ళు తిట్టుకుంటున్నారు. ఇంత అందాన్ని తిట్టుకుంటూ బతకగలగడం కూడా ఒక భాగ్యమే. నేనూ తిట్టాలని ప్రయత్నించాను, నోరు రాలేదు.

ఎవరి దారి వారిదన్న ఒప్పందం సంగతి ఇద్దరం ఎత్తలేదు. నత్తల కూర తిన్నాం, పిన్నుతో ఒక్కొక్కటీ పీక్కుంటూ, రొట్టె పులుసులో ముంచుకుంటూ. ఈ ఊళ్ళో తెల్మో వేరే మనిషి. ఎటు వెళ్దాం అని అడుగుతాడు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అని అడుగుతాడు. ఇది నీకు నచ్చిందా అని అడుగుతాడు. సెర్పాలో అతనికి అన్నీ తెలుసు, నేను కూడా తెలిసిన వీధినే. ఇక్కడ ఏమీ తెలియదు కాబట్టి అడగక తప్పదు.

నది ఒడ్డున మెట్ల మీద కూర్చున్నప్పుడు నేను ఒక వాక్యం మొదలుపెట్టి, చివర ఆగాను. కావాలనే. పెదవి కొరుక్కుని, పడవలు చూస్తూ కూర్చున్నాను. ఎంత కష్టమో! తుమ్ము ఆపుకోవడం తేలిక.

నేనన్నది ఇదే: "నేను వేరే గదులు చూసుకున్నానని చెప్పిన రోజు నీకేమనిపించిందో నాకు ఇప్పటికీ..."

నీళ్ళు మెట్టుని కొట్టి వెనక్కి పోయాయి. మళ్ళీ కొట్టాయి.

"భయం వేసింది," అన్నాడు తెల్మో. "నేను ఏదో ఒకటి అంటే అది నిజమైపోతుందనిపించింది. ఊరుకుంటే నువ్వే మర్చిపోతావనుకున్నాను. నువ్వు పదిసార్లు మాట మార్చుకునే మనిషివి కదా. ఈసారి మార్చుకోలేదు. ఆ రోజు ఉత్తరాలన్నీ తప్పుడు ఇళ్ళలో వేశాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను, ఇంటింటికీ."

ఇంత పొడుగు మాట అతని నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. ఏడ్చాను. అతను జేబురుమాలు ఇవ్వబోయాడు. అందులో నత్తల పులుసు మరక ఉంది, అయినా తీసుకున్నాను.

ఈ మనిషంటే నాకిష్టం. రాసేశాను, కొట్టేయను.

మంచాల సంగతి రాయను.

జూన్ 2, సోమవారం. సెర్పా

ఇంటి తలుపు తీశాం. అతను టోపీ కొక్కానికి తగిలించాడు. ఏం వండమంటావని అడిగి, ఆగాను. బాగా ఆగాను. పొయ్యి మీద నీళ్ళు మరిగిపోయాయి. భుజాలు ఎగరేసి బయటికి వెళ్ళిపోయాడు.

జూన్ 5, గురువారం

మొన్న మళ్ళీ ఆగి చూశాను. నిన్న కూడా. ఏమీ లేదు. ఈ రోజు ఆగలేక నేనే మొదలుపెట్టి, చుట్టుపక్కల వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేశాను. అతను తల ఊపుతూ రొట్టె కోసుకున్నాడు. చెడ్డవాళ్ళమేం కాదు ఇద్దరం. ఈ గోడలకి మా పాత్రలు బాగా అలవాటైపోయాయి, మేం మర్చిపోయినా అవి అందిస్తాయి.

కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టాను.

జూన్ 13, శుక్రవారం. లిస్బన్

ఆఖరి వారాంతం. సంత్ అంతోనియో పండగ. లిస్బన్ ఇంత అందంగా ఉండగా ఎవరైనా ఇళ్ళలో ఎలా ఉంటారు? ఎవరూ లేరు! అందరూ సందుల్లోనే. ప్రతి గుమ్మం ముందూ పొయ్యి, పొయ్యి మీద సార్డీన్ చేపలు, చేప కింద రొట్టె ముక్క. నూనె ఇంకిన ఆ రొట్టె కోసమే చేప తింటారు తెలిసినవాళ్ళు. పొగకి కళ్ళు మండుతున్నాయి, తలల మీద రంగు కాగితాలు ఊగుతున్నాయి. దోనా ఇదలీనా కూడా గుమ్మంలో పొయ్యి పెట్టింది. ఆ వయసులో ఎదురింటి పింఛనుదారుతో చిందులేసింది. నేను ఆవిడనే చూస్తూ నిలబడిపోయాను. ముసలితనం వస్తే ఇలాగే రావాలి.

మధ్యాహ్నం సందు మలుపులో ఒకామె మంజెరికో కుండీలు అమ్ముతోంది. బంతిలా గుండ్రంగా పెరిగే తులసి జాతి మొక్క, మట్టిలో గుచ్చిన కాగితం పువ్వు, దానికో చిన్న పద్యం. మగవాడు మనసుపడ్డ పిల్లకి ఈ పండక్కి ఇస్తాడు. పెళ్ళయ్యాక ఎవరూ ఇవ్వరు. తెల్మో నాకు ఇచ్చింది ఒక్కసారి, పెళ్ళికి ముందు.

అతను ఆగాడు. ఒక్కో కుండీ పద్యం చదవడం మొదలుపెట్టాడు, పోస్టు కార్డులు చదివినట్టు పెదాలు కదుపుతూ.

"ఎవరికి బాబూ?" అంది అమ్మే ఆమె, నన్ను ఎగాదిగా చూస్తూ. "భార్యకా, ప్రియురాలికా? భార్యకైతే చిన్నది చాల్లే."

తెల్మో నా వైపు చూశాడు. అతని మొహం నాకు అంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించలేదు.

"బుధవారం దాకా భార్య," అన్నాడు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆవిడ ఇష్టం."

ఆమెకి అర్థం కాలేదు గానీ పెద్ద కుండీయే ఇచ్చింది. అతను నా చేతిలో పెట్టాడు. నేను, ఈ దేశంలో పుట్టి పెరిగినదాన్ని, చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి మర్చిపోయి ముక్కు మొక్కలో దూర్చేశాను!

"అయ్యో! అయ్యో తల్లీ!" అని అరిచిందామె. "ముక్కుతోనా? చచ్చిపోతుంది! చేత్తో నిమిరి, చెయ్యి వాసన చూసుకోవాలి. మీ అమ్మ చెప్పలేదూ?"

"చెప్పింది," అన్నాను.

"ఇప్పుడు చేసేదేముంది," అన్నాడు తెల్మో నవ్వుతూ. "ఫిర్మినా దగ్గర నేను, ఇక్కడ నువ్వు. చెల్లుకి చెల్లు."

జూన్ 15, ఆదివారం. లిస్బన్, బస్సు కోసం కూర్చుని

పొద్దున కాఫీ దగ్గర అడుగుదామనుకున్నాను, సంతకం మానేద్దామా అని. నోటిదాకా వచ్చింది. అతనే ముందు అన్నాడు.

"బుధవారం వెళ్దాం, లిందా. వెళ్ళి సంతకం పెడదాం."

ఎందుకని అడిగి, ఆగాను. ఈసారి కావాలని కాదు, మాట రాక.

"ఇక్కడ బాగుంది కదా అని అక్కడా బాగుంటుందని నేను చెప్పలేను," అన్నాడు. "ఆ ఇంట్లోకి అడుగుపెడితే నా నోరు పడిపోతుంది. నాకే తెలుస్తోంది, అయినా పడిపోతుంది. నిన్ను ఆ ఇంట్లో మళ్ళీ కూర్చోబెట్టి నీ గొంతు నువ్వే వినేలా చేయలేను. నీ గదులు నువ్వు తీసుకో. కర్టెన్లు చూశాను. పసుపు రంగు బాగుంది."

ఎంత మంచివాడు! ఎంత పనికిమాలిన మంచివాడు! ఇతన్ని వదులుకోవడానికి నెలల తరబడి నేనే పట్టుబట్టాను. ఇప్పుడు అతను ఒప్పుకుంటే నాకు వద్దనిపిస్తోంది.

అయినా అతను చెప్పిందే నిజం. ఆ ఇంట్లో నేను ఉండలేను.

దోనా ఇదలీనా గుమ్మం దాకా వచ్చింది. "మంచాలు మీరే జరుపుకున్నారు ఈసారి," అంది నా చెవిలో. "మొదటిసారి విడదీశారు కదూ? నేల మీద గీతలు నాకు కనపడవనుకున్నారా?"

జూన్ 18, బుధవారం. సెర్పా

అయిపోయింది.

రిజిస్ట్రారు చిన్న వయసు ఆడమనిషి. మా ఇద్దరి ముక్కులూ లిస్బన్ ఎండకి ఒకే తీరుగా కమిలి ఉన్నాయి. ఆమె ఆ ముక్కునీ ఈ ముక్కునీ మార్చి మార్చి చూసింది.

"మళ్ళీ ఒకసారి ఆలోచించుకుంటారా?"

"బాగా ఆలోచించాం," అన్నాడు తెల్మో.

"తగాదా ఏమైనా ఉందా?"

"లేదమ్మా," అన్నాను. "ఇల్లే సరిపడలేదు."

సంతకాలు పెట్టాం. బయటికి వచ్చాం. మెట్ల దగ్గర ఏ వైపు తిరగాలో తెలియక నిలబడ్డాం. అతనిది ఎడమ, నాది కుడి. ఎదుటి కాఫీ అంగట్లో కూర్చున్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది.

తెల్మో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కుర్రాడప్పుడు మా నాన్న ముందు ఇలాగే పట్టుకున్నాడు.

"వచ్చే నెల పదకొండున లిస్బన్ వెళ్తున్నాను," అన్నాడు. "దోనా ఇదలీనాకి చెప్పేశాను. ఈసారి ఉచితం కాదట, ముసలిది గట్టిది." ఒక ఊపిరి పీల్చుకున్నాడు. "నాకిప్పుడు పెళ్ళాం లేదు. నువ్వు నాతో వస్తావా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఎక్కడికైనా 'పద' అన్నాడు గానీ 'వస్తావా' అనలేదు.

"ఆలోచించి చెప్తాను," అన్నాను, ఎదుటి అంగడి వాళ్ళకి కూడా వినపడేలా. కుడి వైపు తిరిగి నడిచాను. మలుపు దాటేదాకా ఏడుపు ఆపుకున్నాను. దాటాక చూస్తే అది ఏడుపు కాదు.

జూన్ 19, గురువారం

ఆలోచించాను. వస్తానన్నాను.

జూలై 11, శుక్రవారం

పసుపు కర్టెన్ల గదుల్లో బాగా నిద్రపడుతోంది. ఊరు రకరకాలుగా అనుకుంటోంది. దుకాణానికి ఒక బొత్తం కోసం వచ్చి గంటసేపు నిలబడుతున్నారు, ఏమైనా తెలుస్తుందేమోనని. ఏమీ చెప్పడం లేదు నేను.

బస్సు వంతెన మీదికి వచ్చింది. నీళ్ళ మీద ఎండ. మెట్లుమెట్లుగా ఆ ఇళ్ళు. ఇంత బాగున్న ఊరిని దేవుడు...

తెల్మో మోచేత్తో పొడిచాడు.

"ఎప్పుడు చూసినా రాస్తూనే ఉంటావు. ఏముంది అందులో? నాకు చెప్పు."

సరే, ఇక రాయను. చెప్తాను.